ఆవిడ అడిగిన నది

మనిషికంటే ముందు నీళ్లను కలుగజేసిన దేవునికి స్తోత్రం.

హామిల్టన్‌లో నేను నీటి ఇంజినీరుగా ఉన్న రోజుల్లో ఆ దేశపు మూలవాసులైన మావోరీల పెద్దావిడ ఒకరు మా మీటింగులకు వచ్చేవారు. కొత్తవాళ్లను పేరు అడిగేవారు కాదు. చేయి పట్టుకుని "నీ నది ఏది?" అనేవారు. జవాబు వచ్చేదాకా వదిలేవారు కాదు. మావాళ్లు చాటుగా నవ్వుకునేవారు.

శుద్ధి చేసిన మురుగునీటిని నదిలో కలిపే పైపుకు ఆవిడ తెగ సమ్మతి కావాలి. ప్లాను నేనే గీశాను. అంతా పూర్తయ్యాకే దాని గురించి మాట్లాడడానికి వాళ్లను పిలిచాం.

"అన్నా, జల్ది చెప్పి కూసో. ఇయ్యాల సంతకం కాకుంటే ఏడాది పోతది," అన్నాడు పక్కనున్న మా ఆఫీసు హైదరాబాదు తమ్ముడు.

ఆవిడ అంతవరకు నన్ను అడగలేదు; ఆ రోజు వచ్చి నా చేయి పట్టుకున్నారు. "నీ నది ఏది?"

"గోదావరి. బాప్తిస్మం అందులోనే తీసుకున్నాను."

ఆవిడ రెండో చేతి వేలు మ్యాపు మీద, నా పైపుకు కాస్త దిగువన ఆగింది. "మా పసిబిడ్డలను దీవించేది ఇక్కడి నీళ్లతోనే. నువ్వు బాప్తిస్మం తీసుకున్న రేవుకు ఎగువన ఈ పైపు పెడతావా, బాబూ?"

మేనేజరు నన్నే చూస్తున్నాడు. తమ్ముడు బల్ల కింద నా కాలు తొక్కాడు. ఆవిడ చేయి వదల్లేదు.

"పెట్టను," అన్నాను.

అప్పుడు వదిలారు.

ఆ వారమే నన్ను ఆ పని నుంచి తప్పించారు. పైపు సంగతి ఏడాదికి పైగా నలిగి, చివరికి పైపు ఆవిడ చూపిన చోటు దాటి దిగువకు జరిగింది.

గీత గీయకముందే అడగవలసినవాళ్లను అడిగే బుద్ధి నాకు దయచేయమని, ఇది చదివే మీరూ నాతో కలిసి ప్రార్థించండి.