బావ దినం నాడు తిన్న కూర

మా బావ పోయిన పదకొండో రోజున, ఎల్లారెడ్డిలో వాళ్లింటి ముందు వేసిన టెంటు కింద కూర్చుని నేను తిన్నంత తిండి మరెప్పుడూ తినలేదు. ఈ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

2011 నాటి సంగతి ఇది. అప్పుడు నాకు ముప్పై ఒకటి. కామారెడ్డిలో ఒక జూనియర్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేస్తూ, రైల్వే స్టేషన్ వెనక చిన్న గదిలో అద్దెకు ఉండేవాణ్ణి. పెళ్లి కాలేదు. అమ్మానాన్నలు పోయాక నాకు మిగిలింది మా అక్క ఒక్కతే. ఆమెను ఎల్లారెడ్డిలో ఇచ్చారు. వాళ్లకు పిల్లలు లేరు. ఇంట్లో అక్క, బావ, బావ వాళ్లమ్మ, ముగ్గురే ఉండేవాళ్లు.

బావ వరి పండించేవాడు. నలుగురికి పెట్టడమంటే ఆయనకు ప్రాణం. నేను ఆదివారం వెళ్తే పొద్దున్నే మటన్ తెచ్చి, కొవ్వు ఉన్న ముక్కలు నా కోసం విడిగా తీయించేవాడు. చాలని చెయ్యి అడ్డుపెడితే చేతి మీదే కూర పోసేవాడు. "గిప్పుడు తినకపోతే ఎప్పుడు తింటవ్ బామ్మర్దీ?" అనేవాడు. తనూ అట్లాగే తినేవాడు. నలభై రెండేళ్ల మనిషి, బస్తా ఎత్తినా ఒగర్చేవాడు కాదు.

ఆ ఏడాది తెలంగాణ ఉద్యమం జోరుగా ఉంది. బంద్ అన్నారంటే బస్సులు కదిలేవి కావు, కాలేజీ తెరిచేవాళ్లు కాదు. అట్లాంటి ఒక బంద్ రోజున పొద్దున తొమ్మిదింటికి బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, నిన్న దావత్‌ల జర ఎక్కువ తిన్న. పొద్దుగాల్నుంచి రొమ్ముల మంట లేస్తుంది. ఎడమ భుజం గుంజుతుంది. నీ దిక్కు మంచి డాక్టర్ ఎవలన్న ఉన్నడా?"

నేను మంచం మీద పడుకుని టీవీ చూస్తున్నాను. లేవకుండానే జవాబు చెప్పాను.

"గ్యాస్ పట్టుంటది బావా. సోడా తాగి జరసేపు పండుకో. ఇయ్యాల బస్సులు లేవు గదా. రేపు రా, చూపిద్దాం."

"సరే తియ్. గట్లనే చేస్త."

నా దగ్గర బండి ఉంది. గంటంబావులో ఎల్లారెడ్డి వెళ్లి, ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని తీసుకురాగలిగేవాణ్ణి. ఆ ఆలోచనే నాకు రాలేదు. మధ్యాహ్నం రెండింటికి మళ్లీ బావ నంబరు నుంచే ఫోన్ వచ్చింది. మాట్లాడింది వాళ్ల పక్కింటాయన.

ఆ తర్వాత పది రోజులు నేను అక్క ఎదుట నిమిషమైనా కూర్చోలేదు. చుట్టాలకు ఫోన్లు, టెంటు, వంట పాత్రలు, కట్టెలు అంటూ ఏదో ఒక పని వెతుక్కుని బయటే తిరిగాను. ఆకలి చచ్చిపోయింది. టీ తాగి బతికాను. ఫోన్ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పదకొండో రోజు తెల్లవారుజామున అక్క బొట్టు, గాజులు తీయించారు. తీసుకొచ్చి లోపలి గదిలో చాప మీద కూర్చోబెట్టారు. బావకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, పొలం గట్టున పిట్టకు పెట్టాం. కాకి వెంటనే వచ్చి ముట్టింది. నా కొడుకుకు ఏ కోరికా మిగల్లేదని ముసలామె నేల మీద కూలబడి ఏడ్చింది. చుట్టాలందరికీ ఊరట కలిగింది. నాకు కలగలేదు.

పన్నెండింటికి బంతి వేశారు. బగారన్నం, మటన్, బోటి, లివర్ వేపుడు. నేను కూర్చున్న చోటికి లోపలి గది తలుపు ఎదురుగా ఉంది. తలెత్తితే అక్క పాదాలు కనిపిస్తున్నాయి. అందుకని తల దించుకుని తినడం మొదలుపెట్టాను. మొదటి ముద్దతోనే పది రోజుల ఆకలి ఒక్కసారిగా లేచింది. కూర మీద నూనె వేలెడు మందాన తేలుతోంది. విస్తరి ఖాళీ అయితే లేవాలి, లేస్తే ఆమెను చూడాలి. అందుకని వడ్డించేవాళ్లు వచ్చిన ప్రతిసారీ వేయించుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒకాయన, "బామ్మర్ది గూడ బావ లెక్కనే తింటుండు" అన్నాడు. ఆ మాటకు కూడా ఇంకో రెండు గరిటెలు వేయించుకున్నాను. మెచ్చుకున్నాడనుకున్నానో ఏమో, ఇప్పటికీ నాకు తెలియదు.

మూడింటికల్లా కడుపు డోలులా బిగిసిపోయింది. పుల్లటి త్రేన్పులు, వాటి వెంట మటన్ వాసన. నాలుగింటికి పెరట్లో స్నానాల బండ దగ్గర వాంతి చేసుకున్నాను. అయినా తేలిక పడలేదు. ఒళ్లంతా చెమట పట్టింది. రొమ్ము మధ్యలో మంట మొదలై గొంతు దాకా పాకింది. ముసలామె గ్లాసులో వాము నీళ్లు పట్టుకొచ్చింది. నలుగురూ చుట్టూ చేరారు.

"గ్యాస్ పట్టింది. సోడా తాపితే తగ్గుతది" అని ఎవరో అన్నారు.

ఆ మాట వినబడగానే అక్క గదిలోంచి లేచి వచ్చింది. పొద్దుటి నుంచి నోరు విప్పని మనిషి, పెరటి గుమ్మంలో నిలబడి గట్టిగా అంది.

"సోడా వద్దు. ఏం వద్దు. ఆటో పిల్వుండ్రి. కామారెడ్డి తోల్కపోత."

ముసలామె అడ్డం వచ్చింది. "నువ్వు యాడికి బిడ్డా? నెల దాక గడప దాటద్దు. మొగోళ్లు తోల్కపోతరు తియ్. నలుగురు ఏమనుకుంటరు?"

"అనుకుంటె అనుకోనీ అత్తమ్మా. ఆ దినం గూడ తగ్గుతదనే కూసున్నం."

ఎవరో ఆటో కోసం పరుగెత్తారు. ఐదింటికి ఆటో కదిలింది. దారి పొడుగునా అక్క నా మణికట్టు వదల్లేదు. నాడి కొట్టుకునే చోట వేలు ఆనించి పెట్టుకుంది. లింగంపేట దాటాక రోడ్డు గుంతల్లో ఆటో ఎగిరితే ఆ వేలు జారింది. వెంటనే వెతుక్కుని మళ్లీ అక్కడే పెట్టింది. నాకు భయం వేసింది. చచ్చిపోతానన్న భయం ఒకటి. చావకపోతే ఈమెకు ఏం చెప్పాలన్నది ఇంకొకటి.

కామారెడ్డిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నన్ను బల్ల మీద పడుకోబెట్టి, ఛాతీకి వైర్లు తగిలించి ఈసీజీ తీశారు. డాక్టరు ఆ కాగితాన్ని వెలుతురులో చూసి, "గుండె మంచిగనే ఉంది. ఇయ్యాల ఏం తిన్నరు?" అని అడిగాడు.

అక్కే చెప్పింది.

"మటన్ తిన్నడు సార్. ఇంట్ల దినం ఉండె."

ఆయన అక్క నుదురు చూశాడు. ఎవరి దినమని అడగలేదు. ఇంజెక్షన్ చేయించి, మాత్రలు రాసి, మూడు రోజులు కారం, నూనె, మాంసం ముట్టొద్దన్నాడు. మేం లేచాం. గుమ్మం దగ్గర అక్క ఆగి, ఈసీజీ కాగితం చూపిస్తూ అడిగింది.

"గిది తీసుడు గింతసేపేనా సార్?"

"అవునమ్మా. ఐదు నిమిషాల పని."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నడుముకు దోపుకుంది.

అక్క నా గదిలోనే ఆగిపోయింది. మర్నాడంతా నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. కాచిన జీలకర్ర నీళ్లు తప్ప ఆమె నాకు ఏమీ ఇవ్వలేదు. కడుపులో ఏదో బండ పెట్టినట్టు ఉండేది. పక్క వాటాలో తిరగమోత వేస్తే ఆ వాసనకే కడుపు తిప్పేది. లేచి బాత్రూం దాకా నడిస్తే కాళ్లు వణికేవి. అక్క కొంగు నిండా కప్పుకుని బజారుకు వెళ్లి జొన్న రవ్వ తెచ్చింది. తలుపు పక్కన స్టవ్ మీద దాన్ని పలచగా గట్క కాచి, పుల్లటిది వద్దని అప్పుడే చిలికిన చల్ల అడిగి తెచ్చి కలిపింది. రెండో రోజు పొద్దున నాలుగు చెంచాలు తాగాను. నేను మింగే ప్రతి చెంచానూ ఆమె చూస్తూ కూర్చుంది.

"నువ్వు తిన్నవా అక్కా?"

"నాకు ఆకలి గాలే."

ఆ మధ్యాహ్నం కడుపు కాస్త మెత్తబడింది. ఇంక దాచలేకపోయాను. ఆమె నా గిన్నె కడుగుతోంది. వీపు నావైపు ఉంది.

"అక్కా, ఆ దినం పొద్దుగాల బావ నాకు ఫోన్ చేసిండు."

"ఎర్కనే."

"నేనే సోడా తాగుమన్న."

"గది గూడ ఎర్కనే. దుకాణంకెల్లి నేనే తెచ్చిన. రెండు తాపిన. మా తమ్ముడు కాలేజీల పనిజేస్తడు, వాడు జెప్పిండంటే గదే అయితదనుకున్న."

గొంతు పెంచలేదు. గిన్నె బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుని నావైపు తిరిగింది.

"నువ్వు ఒక్క మాట జెప్తవేమోనని పది దినాలు జూసిన తమ్మీ. జెప్పలే. బంతిల కూసొని తిన్నవ్. నాకు లోపల్నుంచి కనవడ్డది."

ఏడుపు తన్నుకొచ్చింది. దాంతోపాటే డొక్కలు ఎగదన్నాయి. ఆమె దగ్గరికొచ్చి వీపు మీద చెయ్యి వేసింది. నన్ను క్షమించినట్టు అనిపించలేదు. రోగిని పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఏడిస్తే మల్ల కక్కుతవ్. ఆ సల్ల తాగు" అంది.

తాగాను.

మూడో రోజు నాకు నిజంగా ఆకలి వేసింది. ఒళ్లు అంత త్వరగా మామూలైపోవడం నాకు సిగ్గుగా అనిపించింది. అక్క పెసరపప్పు వేసి మెత్తగా అన్నం వండింది. ఇద్దరం నేల మీద కూర్చున్నాం. బావ పోయాక మేమిద్దరం కలిసి తినడం అదే మొదటిసారి. ఆమె నాలుగు ముద్దలు తిని, పళ్లెం పక్కకు జరిపి, కిటికీలోంచి పోయే రైలును చివరి పెట్టె దాకా చూసింది. నేను నా పళ్లెంలోది పూర్తిగా తిన్నాను. వదిలేస్తే ఆమె మళ్లీ ఆసుపత్రి అంటుందేమోనని తిన్నాను.

నాలుగో రోజు పొద్దున అక్కను ఎల్లారెడ్డి బస్సు ఎక్కించాను. గడప దాటిందని ముసలామె నెల రోజులు ఆమెతో మాట్లాడలేదట. దినం నాడే తమ్ముణ్ణి తీసుకుని ఊరు దాటిందని చుట్టాల్లో కొందరు చాలాకాలం అనుకున్నారు. తమ్ముడు ఎందుకు అంత తిన్నాడో మాత్రం వాళ్లెవరూ అడగలేదు. అక్క కూడా చెప్పలేదు.

తర్వాతి రెండు మూడేళ్లలో ఆమెకు ఒక అలవాటైంది. ఆ వీధిలో ఎవరికి రొమ్ములో మంట లేచిందన్నా, భుజం లాగుతోందన్నా, పని వదిలేసి వెళ్లి వాళ్లను ఆటో ఎక్కించేది. కామారెడ్డి బస్టాండు దగ్గర నన్ను నిలబడమని ఫోన్ చేసేది. నేను కాలేజీలో సెలవు చెప్పి వెళ్లేవాణ్ణి. 2014 దాకా అట్లా ఆరేడుగురిని తీసుకొచ్చి ఉంటుంది. ఒక్కరికి మాత్రం నిజంగానే గుండె జబ్బు బయటపడింది. ఆయన బతికాడు. మిగిలిన వాళ్లందరికీ గ్యాసే. అతిగా తిన్నామని వాళ్లు నవ్వుకుంటూ, ఊరికే భయపెట్టావని అక్కను దెప్పుతూ తిరుగు ఆటో ఎక్కేవాళ్లు. ఆమె వాళ్ల పక్కన సర్దుకుని కూర్చునేది. ఆటో మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడేవాణ్ణి.