గాలి పోటు

మొన్న శుక్రవారం ఫహాహీల్‌లో మా అమ్మాయి ఇంటికి, వాతావరణం మీద పరిశోధన చేస్తున్న దాని స్నేహితురాలు వచ్చి, గాలి ఒత్తిడి గీసిన పాత కాగితాలు ఎక్కడైనా దొరుకుతాయా అంకుల్ అని అడిగింది. దొరకవమ్మా అన్నాను. ఆపైన అన్నం సయించలేదు.

నేను కోనసీమ నుంచి ఈ ఎడారి దేశానికొచ్చిన కొత్తలో, చమురు కంపెనీకి పనిచేసే ఓ చిన్న వాతావరణ కేంద్రంలో మా పెద్దనాన్నగారబ్బాయి నన్ను చేర్పించాడు. తిరిగే డబ్బాకి చుట్టిన కాగితం మీద సిరా ముల్లు గాలి ఒత్తిడిని గీస్తూ ఉండేది. వారం వారం కాగితం మార్చి, సిరా పోసి, కీ ఇవ్వడం అన్నయ్య పని.

"సముద్రానికే కాదురా, గాలిక్కూడా పోటుంటది," అని చూపించేవాడు. పొద్దున ఎండెక్కే వేళ ఒకసారి, రాత్రి భోజనాలయ్యాక ఒకసారి గీత మెల్లగా పొంగి దిగేది. ఆ పొంగు ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతోందా, తగ్గుతోందా తేలాలంటే గీత దశాబ్దాలపాటు తెగకూడదని మా పెద్ద ఇంజనీరు పట్టుదల.

ఆ రోజుల్లోనే ఊళ్ళో పెద్దమ్మ, అన్నయ్య వాళ్ళమ్మ, పోయింది. నేను పనికి కొత్తవాణ్ణని, అన్నయ్య వెళితే గీత తెగుతుందని ఇంజనీరు సెలవు కాగితం మీద సంతకం పెట్టలేదు.

"నే చూసుకుంటాను, నువ్వెళ్ళన్నయ్యా," అన్నాను.

"పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉందిరా. ఎగిరెళ్ళమంటావా?" అని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మా ఇళ్ళల్లో పెద్దకొడుకే పెట్టాల్సిన తలకొరివి, ఊళ్ళో ఉన్న అన్నయ్య సొంత తమ్ముడు పెట్టాడు. ఆ వారం కూడా అన్నయ్యే కాగితం మార్చాడు.

కొన్నేళ్ళకి ఇంజనీరు తన దేశం వెళ్ళిపోయాడు. కొత్త మేనేజరు కంప్యూటరు పరికరం తెప్పించి, పాత కాగితాలన్నీ అల్ రాయ్‌లోని తుక్కు గోదాముకి పంపించమన్నాడు.

"ఇవి ఉంచండి సార్, వీటికోసం మా అమ్మ కడచూపు కూడా పోగొట్టుకున్నాను," అని అన్నయ్య బతిమాలాడు.

"ఎవరు చూస్తారివి? ఖలాస్," అన్నాడాయన. పికప్ నిండా కట్టలు ఎక్కించింది మేమిద్దరమే. ఆ ఏడాది కంపెనీ అన్నయ్య ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే అనుమతి, పొడిగించలేదు. ఊరెళ్ళాక, తల్లి పోయినా రాలేదని తమ్ముడు పలకరించలేదట. తర్వాత అన్నయ్య ఎక్కువకాలం బతకలేదు.

ఇప్పుడు ఆ పనికి మనిషే అక్కర్లేదు, అంకెలు వాటంతటవే వెళ్ళి ఎక్కడో చేరతాయి. తల్లి పోయిందని తెలిస్తే ఆ గదిలో ఎవరూ ఆగిపోనక్కర్లేదు. మంచి మార్పేనని నాకు నేను చెప్పుకుంటాను. అదే మార్పు కాస్త ముందే వచ్చుంటే, అన్నయ్య తన తల్లికి తానే కొరివి పెట్టుకునేవాడు కదా అన్న కసి మాత్రం ఈ వయసులో కూడా చల్లారడం లేదు.