సంతకం లేని ఫిర్యాదు

మైపాడు రోడ్డులో బస్సు దిగి, ఆటో పట్టుకుని, అదీ దిగి కాస్త ఇసుకలో నడిస్తే మా బడి వస్తుంది. ఇద్దరమే టీచర్లం, హెడ్మాస్టరు గారు, నేను. ఆయన లెక్కలు చెబితే బల్లకైనా అర్థమయ్యేది. ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలకు గురుకులంలో సీట్లు తెప్పించేవారు. చేపల వేటకు వెళ్లే తండ్రులు ఆయన ఎదురైతే తలగుడ్డ తీసి పక్కకు తప్పుకునేవారు. కాగితాల పనంటే మాత్రం ఆయనకు చిరాకు. నా దస్తూరి బాగుంటుందని, పై ఆఫీసుకు పోయే ప్రతి ముక్కా నా చేతే రాయించేవారు.

కోపం వస్తే ఆయనకు చెయ్యి ఆగదు. ఊరందరికీ తెలిసిన సంగతే. ఎవరూ తప్పనుకోలేదు. మొదట్లో నేనూ అనుకోలేదు.

ఒకరోజు భాగహారం తప్పు చేసిందని నాలుగో తరగతి పిల్లను చెంపా చెవీ కలిసేట్టు కొట్టారు. నేను హాజరుపట్టీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. పిల్ల పక్కకు తూలి పడింది. ఎడమ చెవిలోంచి సన్నగా రక్తం కారింది. ఆయనే కంగారుపడి దూది తెచ్చి తుడిచారు. తర్వాత నా వైపు చూసి, "కొళాయి కాడ జారిందని చెబుదాంలేమ్మా" అన్నారు. నేను హాజరుపట్టీ మూసుకుని నా తరగతిలోకి వెళ్లిపోయాను.

ఆ పిల్ల తల్లి ఎండుచేపలు అమ్ముకునే మనిషి. సాయంత్రం గంప దించకుండానే బడికొచ్చింది.

"సారు కొట్టినాడని మా బిడ్డ అంటా ఉంది మేడం. జారిందని సారంటా ఉండాడు. నువ్వు ఆడే ఉండావు గదా. ఏది నిజం?"

సారు లోపలే ఉన్నారు. నేను ఒకసారి అటు చూశాను. చివరికి "కొళాయి దగ్గర నాచు ఉందమ్మా" అన్నాను. నేను అబద్ధమాడలేదని సర్దిచెప్పుకోవడానికి ఆ నాచు నాకు బాగా పనికొచ్చింది.

రెండు వారాలు గడిచాయి. ఎడమవైపు నుంచి పిలిస్తే పిల్ల పలకడం లేదు. పాఠం వినాలంటే తల పూర్తిగా తిప్పుతోంది. నాకు అన్నం సయించలేదు. ఒక సెలవురోజు నెల్లూరు వెళ్లి, జరిగిందంతా టైపు చేయించాను. టీచర్ల మీద విచారణ చేసే పై ఆఫీసు చిరునామా రాసి, సంతకం లేకుండా బస్టాండులో డబ్బాలో వేశాను. ఆకాశరామన్న ఉత్తరమన్నమాట. ఇక ఆఫీసు చూసుకుంటుందని చేతులు దులుపుకున్నాను. ఆ ఆదివారం చర్చిలో పాటలు కూడా గట్టిగా పాడాను.

నెల తిరక్కుండానే హెడ్మాస్టరు గారు నా ముందు ఒక కాగితం పెట్టారు. నేను టైపు చేయించిందే. పక్కన ఎర్రసిరాతో "విచారించి నివేదిక పంపవలెను" అని ఉంది. పైకి వెళ్లిన కాగితం మెట్టు మెట్టు దిగి, ఎవరి మీద రాశామో వారి బల్ల మీదికే రావడం మాకు కొత్త కాదు. అన్నేళ్లుగా ఆ జవాబులు రాస్తున్న నాకు అది తట్టకపోవడమే విచిత్రం.

"ఎవరో పనిలేనోళ్లు రాసినారు. జవాబు నువ్వే రాయమ్మా. ఆ తల్లి చేత గూడా సంతకం పెట్టించుకోనిరా. నువ్వంటే ఆమెకు గురి" అన్నారు.

రాశాను. "సదరు ఆరోపణ నిరాధారమని, విద్యార్థిని కొళాయి వద్ద జారి పడినదని తెలియజేసుకుంటున్నాము." ఒక్క కొట్టివేత లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేను వెళ్లేసరికి తల్లి ఇంటి ముందు చేపలు ఎండబోస్తోంది. పిల్ల పక్కనే ఉంది. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని కలం అందుకుంది.

"నువ్వే చదువు మేడం. నాకు కూడబలుక్కునేదానికి శానాసేపు పడతది."

చదివాను. పిల్ల నా పెదాల వంకే చూస్తోంది. "జారి పడినది" అనగానే తల్లి దాని వైపు తిరిగింది.

"విన్నావా? మేడం గూడా అదే రాసింది. ఇంక సారు మీద చెప్పబాక."

పిల్ల తల దించుకుంది. ఏడవలేదు. ఈ మాట పడడం అలవాటైపోయినట్టు ఊరుకుంది. నేను తల్లి చేతిలోంచి కలం తీసేసుకున్నాను.

"పిల్ల చెప్పిందే నిజమమ్మా. నేను చూశాను."

ఆమె పిల్లను దగ్గరికి లాక్కుంది. తర్వాత మెల్లగా అంది.

"చెవిలో నీళ్లు పోయుంటాయని నాలుగు దినాలు తెల్లగడ్డలేసి కాచిన నూనె పోసినా. మంటని ఏడిస్తే తిట్టినా. టౌన్లో డాక్టరు, కర్ణభేరి చినిగింది, నూనె యెందుకు పోసినావన్నాడు. ఎవరన్నా కొట్టినారా అని గూడా అడిగినాడు. లేదు, జారిందన్నా. నీ మాట నమ్మే గదా మేడం."

అంతే. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాడు ఫిర్యాదు నా చేత్తోనే రాసి, పేరు పెట్టి, సంతకం చేసి, పై ఆఫీసుకు నేనే పట్టుకెళ్లాను. తల్లికి ఆ రోజు నిజం చెప్పలేదని కూడా అందులో రాశాను. అధికారి ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి, "ఇది తీసేయండి మేడం, మీకే ఇబ్బంది" అన్నారు. ఉండనివ్వమన్నాను.

విచారణ జరిగింది. ఆయన సస్పెండయ్యారు. నిజం దాచినందుకు నాకు మెమో వచ్చింది. మంచి సారును లేకుండా చేశానని ఊళ్లో సగంమంది నాతో మాట్లాడరు. లెక్కలు ఆయన చెప్పినట్టు నేను చెప్పలేనన్నది నిజమే.

పిల్లకు పెద్దయ్యాక ఆపరేషన్ చేస్తే ఆ చెవి కొంత వినపడొచ్చని డాక్టర్లు అంటున్నారు. పిల్ల బడికి వస్తూనే ఉంది. మొన్న ఆటలో పడి మోకాలు గీరుకుపోయింది. సాయంత్రం తల్లి గేటు దగ్గరికి వస్తే, ఏమైందో చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. పిల్లకు కుడిపక్కగా వెళ్లి, చెవి దగ్గరికి వంగింది.

"ఏం జరిగిందో నువ్వు చెప్పు" అంది.