బెంచీ మీది మౌస్

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ నవ్వే. ఫలానావారి ఇంట్లో చప్పుళ్ళు వినిపిస్తున్నాయట అని ఎవరైనా గుసగుసలాడితే, ముందు కుళాయి బాగు చేయించుకోమనండి అనేదాన్ని. ఇప్పటికీ నేను పెద్దగా మారలేదు. ఒక్క మధ్యాహ్నం సంగతి మాత్రం ఎటూ తేలక నాలోనే ఉండిపోయింది. అదే రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో రాజమండ్రిలో మా ఇంటి వీధిగదిలో డీటీపీ సెంటర్ పెట్టుకున్నాం. పెళ్ళి శుభలేఖలే మా అసలు పని. నేనూ మావారూ ఒకే కంప్యూటర్ మీద పనిచేసేవాళ్ళం. కీబోర్డు నాది, మౌస్ ఆయనది. నేను అక్షరాలు కొడితే, వాటిని ఎక్కడ నిలబెట్టాలో ఆయన చూసుకునేవారు. ఒక సైకిల్‌ని ఇద్దరు తొక్కుతారేంటండీ అని వచ్చినవాళ్ళు వేళాకోళం చేసేవారు. మాకు అలాగే బాగుండేది.

ఆయన వైర్‌లెస్ మౌస్ ఒకటి హైదరాబాద్ నుంచి ప్రత్యేకంగా తెప్పించుకున్నారు. ఖరీదైనదే. మిక్సీ మారుద్దామంటే వచ్చే ఏడాది చూద్దాంలే అన్న మనిషి, మౌస్ దగ్గర మాత్రం ఒక్క రోజు ఆగలేదు. నేను సణిగాను. కానీ అది వచ్చాక పని తీరే మారిపోయిందని ఒప్పుకోవాలి. వైరు లేదు కాబట్టి, ఆయన పెళ్ళివారి పక్కన బెంచీ మీదే కూర్చుని, ఒక అట్ట మీద మౌస్ పెట్టుకుని పని నడిపేవారు. అరచేతికి సరిగ్గా అమరేది. ముహూర్తాల రోజుల్లో పొద్దుపోయేదాకా పనిచేసినా మణికట్టు నొప్పి అనేవారు కాదు. పడుకోబోయే ముందు దాన్ని దాని పీట మీద పెడితే, తెల్లారేసరికి చార్జింగ్ నిండేది.

ఆయనకి రెండు అలవాట్లుండేవి. ఏ మాటనీ నన్ను చెరపనిచ్చేవారు కాదు. వద్దన్న మాటని మౌస్‌తో లాగి, తెర మీద కార్డు అంచు దాటించి, పక్కనున్న ఖాళీలో పెట్టేవారు. “ఉండనీవే, రేపు వాళ్ళే మళ్ళీ అడుగుతారు” అనేవారు. నిజంగానే అడిగేవారు.

రెండోది, ఇది ఇక్కడ బాగుందా అని నన్ను అడగాలంటే నోరు విప్పేవారు కాదు. తెర మీది బాణాన్ని ఆ మాట చుట్టూ నెమ్మదిగా గుండ్రంగా తిప్పేవారు. నేను “ఆ, చాలండీ” అంటే ఆగేవారు. అప్పుడు నేను సేవ్ కొట్టేదాన్ని. రోజంతా మా మధ్య నడిచే సంభాషణ దాదాపు అంతే.

గుండెపోటుతో ఆయన ఉన్నట్టుండి పోయారు. మా ఒక్కగానొక్క కూతురు మాధవి కాకినాడలో టీచరుగా చేస్తూ హాస్టల్లో ఉండేది. ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను.

పని మానలేదు. మానితే పిచ్చెక్కేది. పాత వైరు మౌస్ ఒకటి తగిలించుకుని రెండు పనులూ నేనే చేసుకునేదాన్ని. మాట కొట్టడం, కీబోర్డు మీంచి చెయ్యి తీయడం, మౌస్ పట్టుకోవడం. అలా చెయ్యి మార్చిన ప్రతిసారీ ఆయన లేరని మళ్ళీ కొత్తగా తెలిసేది. ఏడుపొచ్చినా ఎదురుగా పెళ్ళివారుంటారు. వాళ్ళ ముందు కళ్ళు తుడుచుకోకూడదు కదా.

ఆయన మౌస్‌ని బెంచీ మీద అట్టతో సహా అలాగే ఉంచేశాను. దుమ్ము తుడిచేదాన్ని, అంతే. దాని పీట బీరువాలో పెట్టేశాను. అంటే అందులో చార్జింగ్ అయిపోయి చాలా కాలమైంది. కంప్యూటర్ వెనక, ఆ మౌస్ కదలికని అందుకునే రిసీవర్ ముక్క మాత్రం అలాగే ఉంది. తీసేయాలని నాకు తోచలేదు.

ఏడాది తిరిగాక మాధవికి సంబంధం కుదిరింది. మావారి అన్నగారు, కడియంలో నర్సరీ ఉన్న మా బావగారు, పెద్దరికం వహించారు. మంచి మనిషి. శుభలేఖ నేనే తయారుచేశాను. కింద ‘ఆహ్వానించువారు’ అన్నచోట ముందు నా పేరు, ఆ తరవాత బావగారి పేరూ తోడికోడలి పేరూ కొట్టాను. బావగారు చూసి ఇబ్బందిపడ్డారు.

“ఏమీ అనుకోకమ్మా. శుభమా అని పిలుస్తూ... మన వైపు ఆనవాయితీ నీకు తెలియందేముంది? నీ పేరు లేకపోతేనే మంచిదేమో. సాయంత్రం వచ్చి పట్టుకెళ్తాను, ప్రెస్సుకి ఇచ్చేద్దాం.”

నాకు తెలియకపోవడమేంటి? ఇలాంటి కార్డులు ఎన్ని చేశాను! భర్త పోయిన తల్లుల పేర్లు ఎన్నిసార్లు పక్కకి తీశానో నాకే గుర్తులేదు. సరేనండి అన్నాను. ఆయన వెళ్ళాక నా పేరుని లాగి, కార్డు అంచు దాటించి, ఖాళీలో పెట్టాను. కన్నకూతురి పెళ్ళికి నలుగురినీ పిలిచే అర్హత నాకు లేదు. చాలా బాధేసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుండిపోయాను.

పట్టపగలు. ఎండకి వీధిలో మనుషులు లేరు. నాకు నిద్రమత్తు లేదు, జ్వరం లేదు.

బాణం కదిలింది.

నెమ్మదిగా అంచు దాటి ఖాళీలోకి వెళ్ళింది. నా పేరుని పట్టుకుంది. లాక్కొచ్చి బావగారి పేరుకి పైన, మొదట ఉన్నచోటే నిలబెట్టింది. కొంచెం పైకి జరిపి, మళ్ళీ కిందికి సర్దింది. తరవాత ఆ పేరు చుట్టూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

నాకు భయం వేయలేదు. ఎందుకో తెలియదు. “ఆ, చాలండీ” అన్నాను. బాణం ఆగింది. నేను సేవ్ కొట్టాను.

అప్పుడు లేచి బెంచీ దగ్గరికి వెళ్ళాను. మౌస్ అట్ట మీదే ఉంది. చేత్తో అటూ ఇటూ కదిపి తెర వైపు చూశాను. బాణం కదలలేదు. మీట నొక్కాను. ఏమీ లేదు. చార్జింగ్ లేని మౌస్ ఎలా ఉండాలో అలాగే ఉంది.

సాయంత్రం బావగారు వచ్చారు. కార్డు చూసి, “పేరు మళ్ళీ పెట్టావేంటమ్మా?” అన్నారు.

“అక్కడే బాగుందండి బావగారూ. ఉండనివ్వండి” అన్నాను. ఆయన మాటకి ఎదురు చెప్పడం అదే మొదలు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “మా తమ్ముడుంటే వాడూ ఇదే అనేవాడు. అలాగే వేయిద్దాం” అన్నారు. కార్డులు నా పేరుతోనే అచ్చయ్యాయి. పెళ్ళిలో ఎవరూ ఏమీ అనలేదు.

కంప్యూటర్లు బాగుచేసే అతన్ని అడిగాను. పాత మౌస్‌లో దుమ్ము చేరితే బాణం దానంతటదే జారుతుందండీ అన్నాడు. జారుతుంది, నేనూ చూశాను. కానీ జారే బాణం ఒక పేరుని పట్టుకుని లాక్కురాదు. పక్కింట్లో ఇంకో వైర్‌లెస్ మౌస్ ఉందేమో అన్నాడు. పక్కనున్నది టైలరు షాపు. ఇంతకు మించి నాకు కారణం దొరకలేదు.

ఆ తరవాత మళ్ళీ ఎప్పుడూ అలా జరగలేదు. మాధవి అత్తవారింటికి వెళ్ళింది. నేను బీరువాలోంచి పీట తీశాను. ఇప్పుడు ఆ మౌస్‌కి రోజూ చార్జింగ్ పెట్టి, పొద్దున్నే బెంచీ మీద అట్ట మీద పెడుతున్నాను. నమ్మకం ఉండి కాదు. ఆయనకి చార్జింగ్ లేని మౌస్ అంటే చిరాకు.

ఒక్కోసారి పని మధ్యలో చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర వైపు చూస్తాను. బాణం నేను వదిలినచోటే ఉంటుంది. కాసేపు చూసి, నేనే జరుపుకుంటాను.