బర్నాబా నిజంగా చచ్చిన ఆదివారం

మా బావ సెవెరిన్ గొంతులో ఏ భావమూ ఉండదు. ఇది నేను తిట్టడం కాదు, ఆయన ఉద్యోగమే అది. మా బొగ్గుగని ఊరు బితొమ్ స్టేషన్లో "గ్లివీత్సె వెళ్ళే బండి ఆలస్యంగా నడుస్తోంది" అని మైకులో చెప్పేది ఆయనే. ఆదివారం మా గని సాంస్కృతిక భవనంలో పరదేశపు సినిమా ఆడితే, తెర పక్కన కుర్చీ వేసుకుని, చిన్న దీపం కింద కాగితాలు పెట్టుకుని, అందులో అందరి మాటలూ మా భాషలో చదివి వినిపించేదీ ఆయనే. హీరోకీ, విలన్‌కీ, ముసలమ్మకీ, చంటిపిల్లకీ ఒకటే గొంతు. "నిన్ను ప్రేమిస్తున్నాను" అన్నా, "నీ పీక కోస్తాను" అన్నా, గ్లివీత్సె బండి ఆలస్యమైనట్టే ఉంటుంది. మాకు అలాగే కావాలి. కింద అసలు నటుడి గొంతు వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఏడుపూ నవ్వూ వాడు చూసుకుంటాడు, అర్థం మా బావ చెబుతాడు. ఇద్దరూ ఏడిస్తే మేం ఎవరి ఏడుపని వినాలి?

మా అక్క గెర్త్రుడాని పెళ్ళి చేసుకుంటావా అని అడిగినప్పుడూ అదే గొంతట. "నిజంగా అడుగుతున్నాడో, ఎవరి మాటో చదువుతున్నాడో తెలీక మళ్ళీ చెప్పించుకున్నానే ఒతిలియా" అని అక్క ఇప్పటికీ నాతో అంటుంది.

స్టేషన్‌కి రాకముందు బావ గనిలో పనిచేసేవాడు. ఊపిరితిత్తుల్లో బొగ్గు పేరుకుందని డాక్టర్లు తేల్చాక పైకి పంపించేశారు. కిందికి దిగే మనిషిని ఒక్కసారిగా పైన కూర్చోబెడితే ఎలా ఉంటుందో మా ఊళ్ళో అందరికీ తెలుసు. స్టేషన్లో అద్దాల గది. ఊరంతా ఆయన మాట వింటుంది, ఆయనతో ఎవరూ మాట్లాడరు. ఆ రోజుల్లో బావ ఇంటికొచ్చి మాంసం చుట్టలు తినేసి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అక్క నా దగ్గరికొచ్చి ఏడ్చేది.

అలాంటి మనిషిని మళ్ళీ మనుషుల్లో పడేసింది బర్నాబా. బర్నాబా ఇటలీవాళ్ళ సినిమాల్లో ఒక కత్తివీరుడు. కుంటుతూ నడుస్తాడు, నల్ల అంగీ వేసుకుంటాడు, పన్నుల పేరుతో జనాన్ని పీడించే దొరల అంతు చూస్తాడు. మొదటి సినిమా వచ్చిన రోజు చదవాల్సిన మనిషి పండగ పేరు చెప్పి తాగి పడిపోతే, స్టేషన్ మైకు ఆయన ఉన్నాడుగా అని బావని లాక్కొచ్చారు. బర్నాబా కత్తి దూసినప్పుడు హాలంతా కాళ్ళు నేలకేసి కొట్టారు. కొట్టినవాళ్ళలో సగంమంది బావతో ఒకప్పుడు ఒకే షిఫ్టులో కిందికి దిగినవాళ్ళు. ఆ రోజు ఇంటికొచ్చి బావ రెండు గిన్నెల సూపు తాగి, అక్కకి కథంతా చెప్పాడట.

ఆ తరవాత ఇటలీవాళ్ళు బర్నాబాని వదిలితే ఒట్టు. "బర్నాబా తిరిగొచ్చాడు" వచ్చింది. "బర్నాబా పగ" వచ్చింది. "బర్నాబా కొడుకు" వచ్చింది, ఆ కుర్రాడు ఎవరికీ నచ్చకపోయేసరికి "బర్నాబా కొడుకు తండ్రి" వచ్చింది. మంటల్లో పడ్డాడు, తిరిగొచ్చాడు. సముద్రంలో మునిగాడు, తిరిగొచ్చాడు. ఉరి తీశారు, తాడు పాతదట. అన్నింట్లోనూ సత్రం యజమాని ద్రోహి. మొదటి పది నిమిషాల్లోనే మేం సత్రం యజమానిని చూసి "వీడే" అనుకుంటాం, వాడే అవుతాడు, మేం ఎగిరి గంతేస్తాం. ఆ సంతోషం ఎందుకో నన్నడగొద్దు. తెలిసినవాడు తెలిసిన తలుపులోంచి రావడంలో ఉన్న ఆనందం నాకు కొత్తవాళ్ళని చూస్తే రాదు.

ఇదంతా మా కొత్త డైరెక్టరు అంబ్రోజి విల్క్ గారికి కంపరం. ఆయన క్రాకోలో నాటకాలు చదువుకుని, ఒపెరా కోసం ఇటలీ భాష కూడా నేర్చుకుని, మా సాంస్కృతిక భవనాన్ని నడిపించే పెద్దగా వచ్చాడు. నేను అక్కడే తలుపు దగ్గర టిక్కెట్లు చింపుతాను. తొమ్మిదో భాగం వస్తోందని తెలిసిన రోజు బావని పిలిపించి నా ఎదురుగానే అన్నాడు.

"సెవెరిన్ గారూ, ఒకే టీ పొడిని ఎనిమిదిసార్లు మరగబెట్టి పోశారు. ఇంకా ఏం రుచండీ మీకు?"

"తాగేవాళ్ళు తాగుతున్నారు కదండీ" అన్నాడు బావ.

"సరే, సినిమాని ఆపలేను, గనివాళ్ళు నా మీద పడతారు. కానీ ఆ చదవడమైనా పద్ధతిగా ఉండాలి. కతొవీత్సె రేడియోలో ఒకాయన ఉన్నాడు, భావం పలికిస్తాడు. ఈ ఆదివారం మీరు చదవండి, నేను కూర్చుని వింటాను. ఒక్కచోట తేడా వచ్చినా వచ్చేసారి నుంచి ఆ కుర్చీ ఆయనది."

బావ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. నేను వెనకాల పరిగెత్తాను.

"ఏం బావా, ఒక్క మాటైనా అనకుండా వచ్చేశావేంటి?"

"ఏమంటాను ఒతిలియా? ఆ కుర్చీ ఆయన భవనంలోదే."

"మరి నువ్వో?"

"నాకు అద్దాల గది ఉందిగా" అన్నాడు. ఆ మాట కూడా గ్లివీత్సె బండిలాగే చెప్పాడు.

ఆ ఆదివారం, గనివాళ్ళని కాపాడే పునీత బార్బరా పండగ మర్నాడు. ముందు రోజే గనివాళ్ళు ఈకల టోపీలు పెట్టుకుని బ్యాండుతో ఊరంతా ఊరేగారు. సినిమా రోజు మధ్యాహ్నం భోజనాలు కాగానే వచ్చేశారు జనం, ఎర్ర క్యాబేజీ వాసన కోట్లకి ఇంకా అంటుకునే ఉంది. మెట్ల మీద కూర్చున్నారు, కిటికీ గట్ల మీద కూర్చున్నారు. ఎందుకంటే ఈసారి వార్త వేరు. నటుడు ముసలివాడైపోయాడనీ, ఇదే ఆఖరిదనీ, బర్నాబా ఇందులో నిజంగానే చచ్చిపోతాడనీ పేపర్లో వేశారు. ముందు వరసలో కూర్చునే పాత గనిమనిషి అలోయ్జ్ తాత నా చేతికి టిక్కెట్టిస్తూ, "చచ్చిపోతే మాత్రం నేను లేచి వెళ్ళిపోతా పిల్లా, డబ్బులు వెనక్కి అడగన్లే" అన్నాడు. నాకు పొద్దున్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు.

రీళ్ళూ, చదవాల్సిన కాగితాలూ వార్సా నుంచి ఆ పొద్దుటి బండికే వచ్చాయి. బావ ఎప్పుడూ ముందుగా చదువుకోడు, ఇక్కడ ఎవరూ చదువుకోరు, తెర చూస్తూ కాగితం చూస్తూ పోవడమే పద్ధతి. కట్ట మీద 9 అని అంకె వేసి ఉంది. దీపాలు ఆరాయి. తెర మీద గుర్రబ్బండి ఒకటి వానలో ఊళ్ళోకి వచ్చింది, జనం పన్నులు ఎక్కువయ్యాయని మొత్తుకున్నారు. బావ చదవడం మొదలుపెట్టాడు.

తరవాత ఆయనే చెప్పాడు, మొదటి పేజీలోనే ఇవి ఆరో భాగంలో మాటలని తెలిసిపోయిందట. తెలిసినా అనుమానం రాలేదట. ఇటలీవాళ్ళది ఎలాగూ అదే కథ, అదే వాన, అదే బండి. ఈసారి మాటలు కూడా పాతవే వాడేసుకున్నారనుకున్నాడు. హాల్లో కూడా ఎవరికీ తేడా తెలియలేదు. "దొరగారూ, మా దగ్గర ఇంకేం మిగల్లేదు" అంటే తెర మీద ఒక ముసలాయన చేతులు జోడించాడు. "సత్రంలో చోటుందా" అంటే సత్రం తలుపు తెరుచుకుంది. చక్కగా కుదిరిపోయింది.

అప్పుడు ఒక అమ్మాయి చంటిబిడ్డని ఎత్తుకుని వచ్చి బర్నాబా కాళ్ళ మీద పడి ఏడ్చింది. బావ చదివాడు. "దీనికి దాణా వేసి, కాళ్ళకి కొత్త నాడాలు కొట్టించండి."

హాలు గొల్లున నవ్వింది. బర్నాబా బిడ్డని ఎత్తుకుని ముద్దుపెట్టుకుంటే, "పళ్ళు చూస్తే ముసలిదానిలా ఉంది" వచ్చింది. అలోయ్జ్ తాత లేచి నిలబడి, "సెవెరినూ, ఇది ఆరోదిరా నాయనా, గుర్రాన్ని కొనేది ఆరోదాంట్లో" అన్నాడు.

బావ కాగితాలు గబగబా తిరగేశాడు. చివరిదాకా అంతా ఆరే, 6ని తలకిందులుగా చూసి 9 అనుకుని వార్సావాళ్ళు పంపేసినట్టున్నారు. డైరెక్టరు గారు లేచి సరాసరి తలుపు దగ్గరికి, నా దగ్గరికి వచ్చేశాడు. స్విచ్ నా వీపు వెనకాలే ఉంది.

"దీపాలు వెయ్యమ్మా. అయిపోయింది."

"స్విచ్ పనిచెయ్యట్లేదండి" అన్నాను. పొద్దున్న దానితోనే దీపాలు వేశాను. కదలకుండా గోడకి అతుక్కుపోయాను.

ఈలోపు బావ కాగితాలు కిందపెట్టేశాడు. చిన్న దీపం కూడా ఆర్పేసి, మైకు దగ్గరికి జరిగి, తెర వంక చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. ఇటలీ భాష ఒక్క ముక్క రాదు మా బావకి. వచ్చిందల్లా బర్నాబా.

"ఈ బిడ్డ తండ్రిని కోటలో పెట్టారు" అని బిడ్డ తల్లి చేత అనిపించాడు.

"తండ్రి కాదు, అన్న" అన్నాడు డైరెక్టరు నా చెవి దగ్గర.

"సత్రంలో పడుకోండి, మీకు ఇక్కడ ఏ భయమూ లేదు" అన్నాడు సత్రం యజమాని, బావ గొంతుతో.

"వీడే" అంది హాలంతా.

"అసలైతే వాడు సూపు బాగుందని చెప్పాడు" అన్నాడు డైరెక్టరు. మళ్ళీ తనే, "అయినా వాడు ద్రోహి ఎలా అవుతాడు? మంచివాడిలా ఉన్నాడు" అన్నాడు. నేను ఆయన వంక జాలిగా చూశాను. ఇంకో పావుగంటకి సత్రం యజమాని వెనకతలుపు తీసి సైనికుల్ని లోపలికి పంపించేసరికి, డైరెక్టరు గారు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

హాలు ఊగిపోయింది. ఆ ముందు ఎన్ని సినిమాలు చూశామో గానీ, ఇలా ఎప్పుడూ చూడలేదు. బావకి ఎక్కడైనా తడబాటు వస్తే జనం అందించేవాళ్ళు. "కోటకి సొరంగం ఉంటుంది, అడుగు" అని ఒకరు. మరుక్షణం బర్నాబా, "కోటకి సొరంగం ఉందా" అని అడిగేవాడు. తెర మీద నిజంగానే సొరంగం వచ్చేది. పక్కన డైరెక్టరు గారి గొణుగుడు పలచబడుతూ వచ్చింది. "ఇది కాదు" అనేవాడల్లా "కాస్త దగ్గరగా ఉంది" అన్నాడు, తరవాత "ఇదే నయం" అన్నాడు.

చివరికి లోయ వచ్చింది. బర్నాబా వెల్లకిలా రాళ్ళ మీద పడి ఉన్నాడు, పొట్టలో కత్తి. పైన గట్టు మీద దొర, సైనికులు గుర్రాలు దిగి కిందికి చూస్తున్నారు. బర్నాబా మొహం ఇంత దగ్గరగా వచ్చింది. పాపం, నిజంగానే ముసలివాడైపోయాడు. పెదాలు కదిపి ఏదో రెండు ముక్కలు అన్నాడు. కళ్ళు మూశాడు.

"'అమ్మా, వస్తున్నా' అన్నాడు" అని డైరెక్టరు గారు నా చెవిలో చెప్పాడు. "పోయాడమ్మా. పేపర్లో రాసింది నిజమే."

మా అక్క నాలుగో వరసలో నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది. అలోయ్జ్ తాత లేవడానికి చేతికర్ర తీసుకున్నాడు. బావ ఇంకా ఏమీ చెప్పలేదు. అంత ఆలస్యం ఆయన ఎప్పుడూ చెయ్యడు, నటుడి మాట వెనకే ఆయన మాట పడిపోతుంది. ఈ సినిమా అయిపోతే కుర్చీ పోతుందని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

మైకులోంచి గ్లివీత్సె బండి గొంతు వచ్చింది.

"నేను చచ్చినట్టు నటిస్తున్నాను. వాళ్ళు వెళ్ళిపోయేదాకా ఎవరూ చప్పుడు చెయ్యకండి."

మా హాలు ఎప్పుడూ దగ్గుతూనే ఉంటుంది. గని ఊరు కాబట్టి అందరి రొమ్ముల్లోనూ బొగ్గే. ఏ సినిమాకైనా దగ్గు ఆగిందే లేదు. ఆ క్షణాన ఆగిపోయింది. కర్ర పట్టుకున్న తాత చెయ్యి అలాగే ఉండిపోయింది. మెట్ల మీదివాళ్ళు ఊపిరి బిగబట్టారు. నేను టిక్కెట్ల ముక్కలున్న డబ్బాని కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాను. పైన దొర కిందికి చాలాసేపు చూశాడు. చూసి చూసి, గుర్రమెక్కాడు. సైనికులు ఎక్కారు. వెళ్ళిపోయారు. ఇటలీ భాషలో సమాప్తం అని పడింది.

అప్పుడు దగ్గారు, అందరూ ఒక్కసారే. దగ్గుతూ నవ్వుతూ కాళ్ళు నేలకేసి కొడుతుంటే కిటికీ అద్దాలు గలగలలాడాయి. మా అక్క పక్కవాళ్ళెవరో తెలియకుండానే కౌగిలించుకుంది. బయటికి వెళ్తూ అలోయ్జ్ తాత నా భుజం తట్టి, "పిచ్చిదొర, లోయలోకి దిగి చూసుకోవద్దూ" అన్నాడు.

హాలు ఖాళీ అయ్యాక బావ కాగితాల కట్టని దారంతో కడుతున్నాడు. డైరెక్టరు గారు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. నేను చీపురు పట్టుకుని అక్కడక్కడే ఊడుస్తున్నాను.

"సెవెరిన్ గారూ, వాడు చచ్చిపోయాడండీ. నేను విన్నాను."

"నేనూ చూశానండి" అన్నాడు బావ. "వాడు ఇంతకు ముందూ చచ్చిపోయాడు."

డైరెక్టరు గారు టోపీని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. బావ కోటు తొడుక్కుని, చిన్న దీపం తీసి, ఆయన చేతిలో పెట్టబోయాడు, ఇక రేడియో ఆయనకే ఇవ్వండన్నట్టు. డైరెక్టరు గారు తీసుకోలేదు. కుర్చీ లాక్కుని బావ ఎదురుగా కూర్చున్నాడు.

"కత్తి ఇంకా పొట్టలోనే ఉంది కదా. కుంటికాలు. చుట్టూ ఒక్క మనిషి లేడు. ఆ లోయలోంచి ఎలా పైకొస్తాడు?"

బావ చిన్న దీపాన్ని మళ్ళీ దాని చోట పెట్టాడు.

"చెప్పండి సెవెరిన్ గారూ" అన్నాడు డైరెక్టరు. "తెలుసుకోకుండా ఇంటికెళ్తే నాకు నిద్ర పట్టదు."