చెరుకు రసమే సార్!

పులిసిన బీరును ముఖం చిట్లించకుండా మూడు గ్లాసులు తాగి, ఇందులో పులుపు రవ్వంత కూడా లేదని, దాన్ని పులియబెట్టిన మనిషితోనే వాదించినవాడు వికారాబాద్ జిల్లా మొత్తంలో నేనొక్కడినే. ఈ రికార్డును ఇంతవరకూ ఎవరూ కొట్టలేదు. కొడతారన్న భయం కూడా నాకు లేదు. ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కావు, జేబులో స్మార్ట్‌ఫోనూ నెత్తిన జుట్టూ రెండూ ఉన్న రోజులే) తాండూరులో మా నాయనతో కందిపప్పు బేరమాడి గెలిచిన మనిషి లేడు. ఆయన పప్పు దుకాణంలో గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ని కనుక, లోకంలో ఎవడు ఏ మాటన్నా అది ధర దించడానికేనని నా గట్టి నమ్మకం. ఎవరైనా "ఎండ మస్తున్నది" అంటే, వీడు ఎంత తగ్గించమంటాడో అని లోపల లెక్క వేసుకునేవాణ్ని.

అట్లాంటి తెలివితోనే నాయనకు చెప్పకుండా ముప్పై క్వింటాళ్ల గోధుమలు కొని గోదాములో దింపాను. నాయన అరవలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "కందులమ్మే ఊర్ల గోధుమలేందిరా? సరే. పురుగు పట్టకముందు అమ్మినవా, వచ్చి గల్లా మీద కూసో. అమ్మకపోయినవా, మీ మామెంబడి మార్కెట్ల బస్తాలు లెక్కవెట్టు, అంతే" అన్నాడు. మామ అంటే మా అమ్మ తమ్ముడు, ధాన్యం మార్కెట్లో దళారి. ఆయన వెంట బస్తాలు లెక్కపెట్టడమంటే ఏమిటో నాకు తెలుసు. ఒక వేసవి సెలవులన్నీ లెక్కపెట్టి, ఆ తర్వాత నెలరోజులు నిద్రలో కూడా పెట్టాను.

సరిగ్గా అప్పుడే వికారాబాద్ దాటి అనంతగిరి గుట్టల దారిలో ఒకాయన చిన్న షెడ్డు వేసి, స్టీలు ట్యాంకులు పెట్టి, సొంతంగా గోధుమ బీరు కాస్తున్నాడని విన్నాను. ఛాతీ దాకా గడ్డం ఉండటంతో మేము ఆయనను గడ్డం సారు అనేవాళ్లం. ఒక బస్తా నమూనాకు పంపాను. నెల దాటాక ఫోన్ వచ్చింది: "మీ గోధుమలతోని చేసిన. వచ్చి రుచి చూడుండ్రి." నేనూ, ఎప్పుడూ చుక్క ముట్టని మామా రైలెక్కాం.

ఇక్కడ మా మార్కెట్ పద్ధతి ఒకటి చెప్పాలి. కొనేవాడు నీ బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసి, నీ చేతిలోనే పోసి, "నోట్లేస్కొని చూడు" అన్నాడంటే లోపం దొరికిందని, ధర దిగమని అర్థం. అప్పుడు అమ్మేవాడు చేయవలసింది ఒక్కటే. గింజ ఎంత పుచ్చినా నమిలి మింగి, "బాదంపప్పే" అనాలి. ముఖంలో ఒక్క నరం కదిలినా క్వింటాలుకు యాభై పోయినట్టే.

గడ్డం సారు మబ్బుగా ఉన్న గ్లాసు నా ముందు పెట్టి, "చూసి చెప్పుండ్రి. పొద్దటి సంది చూసి చూసి నా నాలుక మొద్దువారింది" అన్నాడు. ఒక గుక్క వేశాను. పచ్చి చింతకాయ, మూడు రోజుల మజ్జిగ, ఆ రెండింటి మీదా నిమ్మకాయ పిండినట్టుంది. చదువుకునే రోజుల్లో హైదరాబాదులో రెండుసార్లు తాగాను కాబట్టి బీరు చేదుగా ఉంటుందని నాకు తెలుసు. ఇది చెడిపోయిన సరుకు. మామ గ్లాసు వాసన చూసి నా చెవిలో, "పులిసిందిరా. తప్పు మన గోధుమల మీదికి తోస్తడు. మొఖం జర గట్టిగ వట్టు" అన్నాడు.

పట్టాను. గ్లాసు ఖాళీ చేసి, "చెరుకు రసమే సార్!" అన్నాను.

సారు ముఖం వాడిపోయింది. "పులుపు తెలుస్తలేదా?"

"పులుపా? యాడిది సార్ పులుపు?"

(ఇదిగో, దారికొస్తున్నాడు అనుకున్నాను.) ఆయన లేచి ఇంకో ట్యాంకు నుంచి ఇంకో గ్లాసు పట్టుకొచ్చాడు. "ఇది ఇంకిన్ని దినాలు ఎక్కువ పులియవెట్టిన." అది నాలుక మీద నుంచి నేరుగా చెవుల్లోకి పోయింది. "కమ్మగున్నది" అన్నాను. మూడో గ్లాసుకు పళ్లు జివ్వుమని, కళ్ల వెంట నీళ్లు కారాయి. "గా కండ్ల నీళ్లేంది?" అని సారు అడిగితే, "మా తాత యాదికొచ్చిండు సార్. ఆయనకు చెరుకు రసమంటే పాణం" అన్నాను. మామ మెచ్చుకోలుగా దగ్గాడు.

గడ్డం సారు కుర్చీలో కూలబడ్డాడు. "పులుపు కోసమే కదనయ్యా నేను గిన్ని దినాలు పరేషాన్ అయింది! పుల్ల గోధుమ బీరు ఇది. పులవకపోతే నీళ్లు. మీ గోధుమలకు ఏదో మందు కొట్టినట్టున్నరు, అందుకే పులుపు వట్టలే. వేరే కాడ తీస్కుంట."

మామ దగ్గు ఆగిపోయింది. నా కళ్ల ముందు మార్కెట్లో బస్తాలు వరుసగా నిలబడ్డాయి. "సార్, పులుపున్నది! పండ్లు ఊడిపోతున్నయ్ సార్!" అన్నాను. "ఇప్పుడు బేరం పోతదని అంటున్నవ్" అన్నాడాయన. న్యాయమైన మాటే. జీవితంలో మొదటిసారి నిజం చెబుతుంటే కొనేవాడు దొరకలేదు.

"ఇంకో గ్లాసియ్యుండ్రి" అన్నాను. మామ చెయ్యి పట్టుకుని, "ఒద్దురా, సస్తవ్" అన్నాడు. విడిపించుకున్నాను. నాలుగో గ్లాసు ఎత్తి, ఈసారి ముఖాన్ని దాని ఇష్టానికి వదిలేశాను. అది మూడు గ్లాసుల బాకీ కూడా కలిపి తీర్చుకుంది. ఒక కన్ను మూసుకుపోయింది, నోరు చెవి వైపు నడిచింది, భుజాలు పైకి లేచి అక్కడే ఉండిపోయాయి, గొంతులోంచి మేక అరిచినట్టు చప్పుడొచ్చింది. గడ్డం సారు ఒక్క క్షణం చూసి, గడ్డం ఊగిపోయేలా నవ్వి, ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. "గిదీ పులుపంటే! గోధుమలు దింపుండ్రి. కానీ మూడు గ్లాసులు అబద్ధమాడినవ్, క్వింటాలుకు అరవై దిగు." దిగాను. ముఖం అప్పటికింకా నా స్వాధీనంలోకి రాలేదు, ఏం బేరమాడను?

ఇప్పటికీ ఏటా ఆయనకు గోధుమలు పంపేది నేనే. ఆ ఫోటోను పెద్దగా చేయించి షెడ్డు గోడకు తగిలించాడు. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు దాన్ని చూసి ధైర్యం చేసి ఒక గ్లాసు చెప్తారట. మొన్న వెళ్లినప్పుడు దాని ముందు కాసేపు నిలబడ్డాను. ఎంత జుట్టుండేది వాడికి! ఎంత మొండివాడు! నా పక్కనున్న పిల్లగాడు ఫోటోనూ నన్నూ మార్చిమార్చి చూసి, "మీ తమ్ముడా అంకుల్?" అన్నాడు. "అవును, జర తిక్కలోడు" అన్నాను.

బేరం కుదిరి, సారు డబ్బు ముందే చేతిలో పెట్టిన ఆనాటి సాయంత్రం నాయన అడిగింది ఒక్కటే మాట: "ఏం మిగిలింది?" దాచకుండా చెప్పాను. క్వింటాలుకు వంద అనుకున్న లాభం నలభై అయింది, ముప్పై క్వింటాళ్లకు పన్నెండు వందలు. అందులో రైలు టికెట్లూ, స్టేషన్ నుంచి పోనూ రానూ ఆటో కలిపి నాలుగు వందలు. మొదటి గ్లాసు రుచికని, చివరిది నిజానికని సారు వదిలేశాడు గానీ నడిమి రెండింటికీ రెండున్నర వందల చొప్పున ఐదు వందలు ముక్కుపిండి తీసుకున్నాడు. పళ్లు జివ్వుమంటున్నాయంటే స్టేషన్ దగ్గర మామ నా డబ్బులతోనే నిమ్మకాయ సోడాలు రెండు ఇప్పించాడు, నలభై. మిగిలింది రెండు వందల అరవై. నాయన ఆ నోట్లు రెండుసార్లు చూసి, పెట్టెలో వేసి, గల్లా పరుపు మీద కాస్త పక్కకు జరిగాడు.