నీళ్లు ఎటు పోతయ్?

పురుషోత్తానికి ఒక్కటే జబ్బు. ఎంత గొప్ప కట్టడం ముందు నిలబెట్టినా తల ఎత్తడు. కింద కాలువ వెతుక్కుంటాడు. లాల్‌దర్వాజాలో పైపులు, నల్లాలు అమ్మే దుకాణం ఆయనది. పోనీ అది వ్యాపారమనుకుందామంటే, యాత్రలకు పోయినా అదే వరస.

తాజ్‌మహల్ ముందు కోడలు శ్రీహిత ఫోన్ పట్టుకొని, "మామయ్యా, ఇటు చూడుండ్రి!" అని మొత్తుకుంటుంటే, ఆయన వంగి చలువరాళ్ల సందులు చూస్తున్నాడు.

"మస్తు వాన పడితే నీళ్లు ఎటు పోతయమ్మా?"

ఫొటోలో ఆయన భార్య నాగమణమ్మ, తాజ్‌మహల్, ఒక బట్టతల పడ్డాయి.

రామప్ప గుడిలో గైడు, "ఈ ఇటుకలు నీళ్లమీద తేలుతాయి" అనగానే అందరూ నోళ్లు తెరిచారు.

"తేలనీయ్ భాయ్. ఆ నీళ్లు ఎటు పోతయ్?" అన్నాడు పురుషోత్తం. గైడు అందరికంటే ముందు బస్సెక్కాడు.

నాగార్జునసాగర్ దగ్గర మాత్రం నాగమణమ్మ ధీమాగా ఉంది. అక్కడ నీళ్లు ఎటు పోతాయో పసిపిల్లకైనా కనబడుతుంది. ఆయన డ్యామును కాసేపు చూసి, "నదిది సరే. గీ పార్కింగుల పడ్డ వాన?" అన్నాడు.

"ఒక్క ఫొటోలనన్న మీ మొకం కనబడద్దా? రేపు గోడకు ఏం తగిలియ్యాలె?" అని నాగమణమ్మ మండిపడింది.

"నాకేం తొందర లేదు" అన్నాడాయన.

ఈ ఆషాఢంలో ఆమెకు వేరే బెంగ పట్టుకుంది. మోకాళ్ల నొప్పి తగ్గితే బోనం ఎత్తుకొని నడిచి వస్తానని మహంకాళమ్మకు మొక్కుకుంది. నొప్పి తగ్గింది. కానీ వాళ్ల గల్లీలో చిన్న వానకే పిక్కలదాకా నీళ్లు నిలుస్తాయి. పోయినేడు పక్కింటి విమలాదేవి జారిపడి బోనం పగలగొట్టుకుంది.

"ఆటోల పోదాం అత్తమ్మా."

"అమ్మవారికి ఆటోల బోనమా? నడిచే పోత" అంది కానీ, లోపల గుబులుగానే ఉంది.

పురుషోత్తం ఆ వారమే కొత్త వేషాలు మొదలెట్టాడు. తెల్లారగానే గల్లీలో బిందెడు నీళ్లు పోయడం, చేతులు వెనక్కి కట్టుకొని వాటి వెంట నడవడం.

"ఏంది సేట్, నీళ్లకు తోవ తెలుస్తలేదా?" అని గల్లీ అంతా నవ్వింది. నాగమణమ్మకు తల కొట్టేసినట్టయింది.

నీళ్లు వంకర్లు తిరిగి తిరిగి ఒకచోట ఆగాయి. ఆయన దుకాణం మెట్టు దగ్గరే! తండ్రి వేయించిన షాబాదు బండ, కాలువ నోటికి అడ్డంగా తిష్ఠ వేసుకొని ఉంది. దేశమంతా తిరిగి అడిగిన మనిషి తన గడప ముందు మాత్రం ఏనాడూ అడగలేదు. మర్నాడే ఆ మెట్టు పగలగొట్టించాడు.

"మెట్టు లేకుంటే గిరాకి ఎట్ల ఎక్కుతడు?" అని నెత్తి కొట్టుకుంది నాగమణమ్మ.

"ఎగిరి ఎక్కుతడు."

బోనాలనాడు తెల్లవారుజాము నుంచే ఒకటే వాన. అది తెరిపి ఇచ్చాక నాగమణమ్మ బోనం తలకెత్తుకొని, భయంభయంగా గల్లీలో కాలు పెట్టింది. పాదం కింద తడిరాయే తప్ప నీళ్లు లేవు. పక్కన పురుషోత్తం యథాప్రకారం తల వంచుకొని నడుస్తున్నాడు. అయితే ఆయన చూపు కాలువ మీద లేదు, ఆమె పాదాల మీద ఉంది.

"జర ఎడమకు రా. గక్కడ నాచున్నది. ఆఁ, గట్లనే."

ఆమెకు అప్పుడర్థమైంది, ఆ బిందెలు, ఆ మెట్టు ఎవరి కోసమో. మనసు నిండిపోయింది.

మొక్కు తీరి తిరిగొచ్చాక దుకాణం ముందు శ్రీహిత ఫోన్ తీసింది. నాగమణమ్మ మొగుడి వంక చూసి, "అవునుగానీ, గిన్ని నీళ్లు ఎటు పోయినయండి?" అని అడిగింది.

జన్మలో ఎవరూ ఆయన్ని ఆ మాట అడిగిన పాపాన పోలేదు. పురుషోత్తం తల ఎత్తి, ముఖం చాటంత చేసుకొని నవ్వాడు. శ్రీహిత టక్కున నొక్కింది.

ఆ ఫొటోలో ఆయన పళ్లతో సహా కనబడతాడు. నాగమణమ్మ ముఖమే పడలేదు. కాలువలోకి వంగి చూస్తోంది.